అతుకుల బొంత అంటే తిట్టా?

మా సీఎస్‌ఈ క్లాసులో ఎవరి ప్రాజెక్టైనా సరిగ్గా నడవకపోతే ఒక మాట గ్యారంటీగా వినిపిస్తుంది: "ఏంట్రా ఇది, అతుకుల బొంతలా ఉంది!" సగం కోడ్ నెట్‌లోంచి, పావు వంతు సీనియర్ల పాత రికార్డులోంచి, మిగతాది చాట్‌బాట్ దగ్గర్నుంచి తెచ్చి కలిపితే దానికి మేం పెట్టుకున్న పేరు అది. టీవీ డిబేట్లలోనూ అంతే. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే అతుకుల బొంత ప్రభుత్వం. ఒక జంటని వెటకారం చెయ్యాలంటే "గంతకు తగ్గ బొంత" ఉండనే ఉంది. మొత్తానికి తెలుగులో బొంత మాట ఎక్కడ తగిలినా ఎవర్నో ఒకర్ని తక్కువ చెయ్యడానికే.

ఈ వాడుక మీద నాకు అభ్యంతరం ఉంది. బొంత కుట్టడం అంటే దొరికిందల్లా అతికించడం కాదు. ఏ గుడ్డ పైకి రావాలి, ఏది మధ్యలోకి పోవాలి, కుట్టు ఎంత దూరంలో పడాలి అన్నీ లెక్క ఉన్న పని. ఆ పనిని మనం రెండు రకాలుగా చిన్నచూపు చూస్తున్నాం. ఒక బ్యాచ్ "ఛీ, పాత గుడ్డలు" అని పారేస్తుంది. ఇంకో బ్యాచ్ "వావ్, వింటేజ్" అని ఫోటో తీసుకుంటుంది గానీ కుట్టిన మనిషికి ఎంత ఇచ్చారో అడగదు. రెండో బ్యాచ్‌లో మన కాలేజీ వాళ్లే ఎక్కువ కాబట్టి ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసం.

ముందు మన సబ్జెక్టు నుంచే ఒక విషయం. సాఫ్ట్‌వేర్‌లో మనం రోజూ అనే "ప్యాచ్" ఎక్కడ్నుంచి వచ్చిందో తెలుసా? 1940లలో హార్వర్డ్ మార్క్-1 లాంటి మెషీన్లకు ప్రోగ్రామ్ అంటే చిల్లులు పొడిచిన కాగితం టేపు. చిల్లు తప్పు చోట పడితే టేపు మొత్తం పారెయ్యరు కదా, ఆ చోట చిన్న కాగితం ముక్క అతికించి మూసేసేవాళ్లు. ఆ ముక్కే ప్యాచ్. అంటే అచ్చంగా అతుకు. మన ఫోన్‌కి సెక్యూరిటీ ప్యాచ్ వస్తే వెంటనే అప్‌డేట్ నొక్కుతాం, చిరిగిన దుప్పటికి అతుకు వేస్తే మాత్రం నామోషీ!

బొంత అంటే తెలియని వాళ్ల కోసం (నాలాగా ఇంగ్లీష్ మీడియం బ్యాచ్ చాలామందే ఉంటారు. "క్విల్ట్" అనే మాట నాకు మూడో క్లాసు ఇంగ్లీష్ పాఠంలో వచ్చింది, "బొంత" మాత్రం కాలేజీకి వచ్చాక గానీ పరిచయం కాలేదు) కొంచెం వివరంగా చెప్తాను. వాడి వాడి మెత్తబడిన నూలు చీరలు, పంచెలు, లుంగీలు పొరలు పొరలుగా పరిచి, ఆ పొరలన్నీ కదలకుండా మొత్తం మీద వరసలు వరసలుగా కుట్టేస్తే వచ్చేదే బొంత. పరుచుకోవచ్చు, కప్పుకోవచ్చు. హైదరాబాద్‌లో దక్కనీ మాట్లాడే ఇళ్లల్లో దీన్నే గోదడి అంటారు. కర్ణాటకలో కౌది, బెంగాల్‌లో కాంథా, బీహార్‌లో సుజని. సంస్కృతంలో కంథ అన్నా ఇదే అర్థం. బౌద్ధ భిక్షువుల చీవరం కూడా గుడ్డ ముక్కలు కలిపి కుట్టేదే. ముక్కల మధ్య కుట్లు పొలం గట్లలా కనిపించాలని పాత బౌద్ధ గ్రంథాల్లోనే ఉంది. 1992 నుంచి మన హుస్సేన్‌సాగర్ మధ్యలో నిలబడి ఉన్న బుద్ధుడి శిష్యులంతా అతుకుల బట్ట కట్టినవాళ్లే మరి.

ఇప్పుడు నా కేసుకి వస్తాను. మా అమ్మమ్మ వాళ్లది చిక్కడపల్లి. వెనక సందులో పాత ఇల్లు. దాన్ని బిల్డర్‌కి ఇచ్చేశారు, సంక్రాంతి లోపల ఖాళీ చెయ్యాలి. సామాన్లు సర్దుతుంటే రెండు ట్రంకు పెట్టెల నిండా చీరలు బయటపడ్డాయి. "ఇవన్నీ గిన్నెలామెకు వేసేద్దాం" అంది అత్తయ్య. మీ వీధిలోకి కూడా వస్తూ ఉంటుంది, గంపలో స్టీలు గిన్నెలు పెట్టుకుని పాత బట్టలకు మార్పిడి చేసే ఆమె. ఆమె మీద నాకేం కోపం లేదు. నిజానికి రీసైక్లింగ్ అనే మాట మన సిలబస్‌లోకి రాకముందే ఆ పని చేస్తున్నది ఆమె. బాగున్న బట్ట ఎక్కడో పాత బట్టల సంతకు చేరి ఇంకొకరి ఒంటి మీదకు వస్తుంది, బాగా చిరిగింది మెకానిక్ షెడ్డులో నూనె తుడిచే గుడ్డ అవుతుంది. కానీ ఒక టిఫిన్ డబ్బాకి ఎన్ని చీరలు ఇస్తున్నామో ఒక్కసారి చూసుకున్నాక ఇద్దామని నేను అడ్డం పడ్డాను.

అమ్మమ్మ, నేను కూర్చుని సార్టింగ్ చేశాం. మొత్తం 38 చీరలు. 20 పాలిస్టర్, నైలెక్స్ లాంటి సింథటిక్. 7 పట్టు, పోచంపల్లి లాంటి మంచి చేనేత. 11 మాత్రం నూలు చీరలు, ఉతికి ఉతికి పలచబడినవి. ఈ మూడు గుంపులకూ మూడు వేర్వేరు జవాబులు ఉన్నాయి. పాత గుడ్డతో ఏదైనా కుట్టాలనుకునే వాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

సింథటిక్ చీర బొంతకి పనికిరాదు. చెమట పీల్చదు, పొరలు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి, పైగా ఎన్నేళ్లయినా మెత్తబడదు. మన ఇళ్లల్లో బొంతలు తగ్గిపోవడానికి ఒక పెద్ద కారణం బద్ధకం కాదు, ముడిసరుకు మారిపోవడం. ఉతకడం తేలిక, ఇస్త్రీ అక్కర్లేదు, రంగు పోదు అని ఒక తరం మొత్తం సింథటిక్ చీరలకు మారింది. గంజి పెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసే పని తమ మీదే పడుతుంటే ఏ అమ్మ మాత్రం మారదు? కానీ దాంతో ముసలిదైన చీరకి ఉండే రెండో ఉద్యోగం పోయింది.

మంచి చేనేత చీర దగ్గర మాత్రం కత్తెర పక్కన పెట్టండి. ఇన్‌స్టాలో రీల్స్ చూసి చాలామంది అమ్మమ్మల పట్టుచీరలు కోసి కుషన్ కవర్లు కుడుతున్నారు. పోచంపల్లి ఇకత్ తీసుకోండి. బట్ట నేశాక అద్దిన డిజైన్ కాదది. నేయకముందే దారాన్ని లెక్క ప్రకారం కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి ముంచి, ఆ తర్వాత మగ్గం మీదకి ఎక్కిస్తే డిజైన్ కలుస్తుంది. అంత లెక్క ఉన్న బట్ట కట్టుకునే స్థితిలో ఉన్నంత కాలం కట్టుకోవడమే దానికి మర్యాద. చిరిగిన చోటు ఉంటే రఫ్ఫు చేయించండి. మొత్తం మడతల దగ్గర పిగిలిపోయి, ఇక కట్టలేం అన్నప్పుడు మాత్రమే కొంగు, అంచు తీసి వాడండి. పాతది కాబట్టి కోసెయ్యొచ్చు అనేది పొదుపు కాదు, ఇంకో రకం దుబారా.

ఇక మిగిలిన 11 నూలు చీరలు. బొంతకోసమే పుట్టినట్టు ఉంటాయి ఇవి. కొలతలు చూడండి, నాకైతే భలే అనిపించింది. చీర ఆరు గజాలు, అంటే 18 అడుగులు. దాన్ని మూడు మడతలు వేస్తే ఆరడుగులు, సరిగ్గా ఒక మనిషి పొడవు. పన్నా ఇంచుమించు 46 అంగుళాలు, ఒక మనిషి పడుకునే వెడల్పు. అంటే రెండు చీరలు మడిస్తే ఒక్క కత్తెర గాటు లేకుండా ఆరు పొరల బొంత రెడీ. మూడో చీర బాగున్నది చూసి గలీబులా పైన కప్పుకోవచ్చు. చిరిగిన భాగాలు మధ్య పొరల్లోకి పంపితే బయటకు కనబడవు. ఎవరూ స్కేలు పట్టుకుని డిజైన్ చెయ్యలేదు, చీర వాడకం తెలిసిన చేతులు కనిపెట్టిన లెక్క ఇది.

కుట్టడం కూడా చెప్తాను. ముందు చీరల్లో గంజి పోయేదాకా ఉతికి బాగా ఎండబెట్టాలి. చాప మీద పరిచి, ముడతలు లేకుండా లాగి, నాలుగు మూలలా బరువులు పెట్టాలి (మా ఇంట్లో రోలు పొత్రం, రెండు ఇత్తడి బిందెలు, నా డేటా స్ట్రక్చర్స్ టెక్స్ట్ బుక్కు పెట్టాం. పుస్తకం ఆ సెమిస్టర్‌లో పనికొచ్చింది ఎక్కువగా అప్పుడే). తర్వాత పెద్ద పెద్ద టాకాలు వేసి పొరలు కదలకుండా కట్టెయ్యాలి. ఆ టాకాలు చివర్లో పీకేస్తాం. అంచులు లోపలికి మడిచి కుట్టి, ఆ తర్వాత ఒక చివర్నుంచి వరసలు మొదలు. పొరలు మందంగా ఉంటే మామూలు సూది వంగిపోతుంది, పెద్ద సూది కావాలి. మరీ మందమైతే గోనె సంచులు కుట్టే దబ్బనం. దారం రెండు పేటలు. వరస వంకరగా పోయినా పర్లేదు, పొరలన్నిట్లోంచీ సూది దిగిందా లేదా అన్నదే ముఖ్యం.

ఇప్పుడు అసలు లెక్క. బొంత 72 అంగుళాల పొడవు, 46 అంగుళాల వెడల్పు. వరసకీ వరసకీ మధ్య అర అంగుళం అనుకుంటే 92 వరసలు. 92 ఇంటూ 72, అంటే 6,624 అంగుళాల కుట్టు. అంగుళానికి మూడు కుట్లు వేస్తే దగ్గర దగ్గర 20 వేల కుట్లు! ఫోన్‌లో టైమర్ పెట్టి చూస్తే నా స్పీడు నిమిషానికి పది. అంటే 33 గంటలు. రోజుకి గంట కూర్చుంటే నెల రోజులు దాటుతుంది.

ఈ లెక్క నాకు ఎందుకు అవసరమైందంటే, ఒక బొంత నేను మొదలుపెట్టి, ఇంకొకటి కుట్టించడానికి ఇచ్చాను. అశోక్‌నగర్‌లో ఒక టైలర్ షాపు ముందు కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టే పెద్దమ్మ ఒకావిడ ఉంది. ఎవరైనా అడిగితే బొంతలు కూడా కుడుతుంది. ఎంత అని అడిగితే "ఏడొందలియ్యి బిడ్డా" అంది. దారం తనదే. "మూడొందలకు కంబలి దొర్కుతది, గీ పాత చీరలకు ఏడొందలేంది అని లొల్లి వెడ్తరు అందరు" అని కూడా అంది. ఆవిడ చెయ్యి నాకంటే రెండింతలు స్పీడు అనుకుందాం. అయినా పదహారున్నర గంటల పని. 700 ని దానితో భాగిస్తే గంటకు 42 రూపాయలు. పరవడం, మడవడం, టాకాలు వెయ్యడం, దారం ఖర్చు ఇవేవీ కలపకుండానే. ఆ గంటకు 42 మీద కూడా బేరం ఆడే వాళ్లు ఉన్నారు. సినిమా చూసొచ్చి, ఇంటర్వెల్‌లో కొన్న పాప్‌కార్న్ రేటు మీద ఒక్క మాట అనని వాళ్లే ఈ సందులో యాభై తగ్గించమంటారు.

ఇంకో విషయం గమనించారా? అదే సందులో బోర్డు పెట్టుకున్న టైలర్లు ఎక్కువ భాగం మగవాళ్లు. ఇంట్లో బొంత కుట్టింది, చిరిగిన యూనిఫాం కుట్టింది, గుండీ కుట్టింది మాత్రం ఆడవాళ్లు. సూదీ దారం పనికి డబ్బులొస్తే టైలర్, రాకపోతే అమ్మ. నేను చాప మీద కూర్చుని కుడుతుంటే అమ్మమ్మ కూడా "మగపిలగానివి, నీకెందుకురా సూది పని" అనే అంది. రెండో వారానికి "గా వరస దూరమైంది, మళ్ల కుట్టు" అనే లెవెల్‌కి వచ్చింది, అది వేరే సంగతి. ఈ పనికి విలువ కట్టకపోవడానికీ ఇది ఆడవాళ్ల పని అనుకోవడానికీ డైరెక్ట్ లింక్ ఉందని నా నమ్మకం. మీ బొంతకి ఎన్ని గంటలు పట్టిందో ఎవరూ లెక్కెయ్యలేదంటే, ఆ గంటలు ఎవరివో వాళ్లకు జీతం లేదు కాబట్టే.

ఈ సమస్య మన ఊరిది మాత్రమే కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అని ఒక చిన్న ఊరు ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు, పత్తి తోటల్లో బానిసలుగా పనిచేసిన వాళ్ల వారసులు, పాత జీన్స్, పని బట్టలు, చిరిగిన షర్టులతో తరతరాలుగా బొంతలు కుట్టేవాళ్లు. కుట్టింది చలికి తట్టుకోవడానికి. 2002లో అవే బొంతలు న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియం గోడల మీదకి ఎక్కాయి. 2006లో వాటి బొమ్మలతో అమెరికా తపాలా స్టాంపులు వచ్చాయి. మోడరన్ పెయింటింగ్‌లా ఉన్నాయని విమర్శకులు ఆకాశానికెత్తారు. 2007లో ఆ కుట్టినవాళ్లలో కొందరు తమకు రావాల్సింది రాలేదని కోర్టుకు వెళ్లారు, మరుసటి ఏడాది రాజీ కుదిరింది. జపాన్‌లో ఉత్తరాన ఆమోరి ప్రాంతపు పేద రైతుల అతుకుల బట్టలు, వాటిని బోరో అంటారు, వాటిదీ ఇంచుమించు ఇలాంటి ప్రయాణమే. ఒకప్పుడు దాచుకున్న సిగ్గు, ఇప్పుడు కలెక్టర్లు వెతికి వెతికి కొనే సరుకు. గుడ్డ మ్యూజియంకి వెళ్లినంత తేలిగ్గా డబ్బు కుట్టిన చేతిలోకి రాదని ఈ కథలు చెప్తున్నాయి. మనవాళ్లు "వింటేజ్ క్విల్ట్" అని బొంతకి కొత్త పేరు పెట్టి అమ్మే రోజు దగ్గర్లోనే ఉంది కాబట్టి ఈ ప్రశ్న ఇప్పుడే అడగాలి.

నా మాటలకు వచ్చిన అభ్యంతరాల్లో ఒకటి చాలా బలమైనది. దాన్ని దాటేసి పోలేను.

మా క్లాస్‌మేట్ ఒకడిది పాలమూరు వైపు పల్లె. వాళ్ల అన్న గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతూ అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటాడు. సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ తిరిగిన వాళ్లకి ఆ జీవితం తెలుసు. చిన్న గదిలో నలుగురు, ఒక మంచం, ఒక ట్రంకు, గోడ నిండా కరెంట్ అఫైర్స్ చార్టులు. ఊరి నుంచి వచ్చేటప్పుడు వాళ్లమ్మ ఇచ్చిన బొంతని ఆ అన్న మొదటి జీతం... సారీ, మొదటి ట్యూషన్ డబ్బులు రాగానే పక్కన పెట్టి, షాపులో దుప్పటి కొనుక్కున్నాడట. నా బొంత సంగతి చెప్పగానే మా వాడు అన్నాడు: "నీకు అది హాబీ రా. మాకు అది లేనితనం. బొంత పోయి దుప్పటి రావడాన్నే మా ఇంట్లో బాగుపడటం అంటారు. నువ్వొచ్చి మళ్లీ బొంత గొప్పది అంటే ఎట్లా?"

ఇది విన్నాక నేను చాలా రోజులు ఆలోచించాను. వాడు చెప్పింది కరెక్టే. బొంత కప్పుకోవడం గొప్ప అని, కంబలి కొనుక్కోవడం చెడ్డ అని ఎవరికీ పాఠం చెప్పే హక్కు నాకు లేదు. పైగా మన సమాజంలో పాత బట్టకి ఇంకో చరిత్ర కూడా ఉంది. ఒకరు కట్టి విడిచినవి ఇంకొకరికి "ఇచ్చేవి". పనిచేసిన దానికి కూలి బదులు విడిచిన చీర అందుకున్న వాళ్ల ఇంట్లో ఆ చీరతో కుట్టిన బొంత మీద ప్రేమ పుట్టాలని అడగడం అన్యాయం. పాత బట్ట అనగానే ఒక ఇంట్లో జ్ఞాపకం గుర్తొస్తే ఇంకో ఇంట్లో అవమానం గుర్తొస్తుంది. బొంత మీద రాసే ఎవరైనా ఈ రెండూ ఒకే గుడ్డ అని ఒప్పుకుని రాయాలి.

కానీ అక్కడితో నా వాదన ఆగిపోదు. నేను కోరుతున్నది లేనితనం తిరిగి రావాలని కాదు, ఆ లేనితనంలో నుంచి పుట్టిన పనితనానికి రేటు పెరగాలని. వాళ్లమ్మ ఆ బొంత మీద వేసిన కుట్లు కూడా 20 వేలకు తక్కువ ఉండవు. షాపు దుప్పటిని గెలుపుగా చూడటంలో తప్పేం లేదు గానీ, ఆ గెలుపులో అమ్మ చేసిన పని సున్నా అయిపోవాల్సిన అవసరం లేదు. ఈ మాట మా వాడితో అంటే వెంటనే ఒప్పుకోలేదు. "చూద్దాంలే" అన్నాడు. వారం తర్వాత వాళ్లన్న గదిలోంచి ఒక ఫోటో పంపాడు. లైబ్రరీలో గంటలు గంటలు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ మీద అదే బొంత, నాలుగు మడతలు వేసి. కింద మెసేజ్: "పారెయ్యలేదంట. నడుం నొప్పికి ఇదే బెస్ట్ అంట." నేను గెలిచానని చెప్పడానికి ఇది రాయట్లేదు. వస్తువు విలువ అవసరాన్ని బట్టి మారుతుంది, మనిషి అభిప్రాయం కూడా అంతే.

ఇంకో మాట. పాత గుడ్డ అంటే మురికి, మైల అని ముఖం చిట్లించే వాళ్లు ఒకసారి మీ ఇంట్లో అడగండి, పుట్టగానే మిమ్మల్ని దేంట్లో చుట్టారో. "పొత్తిళ్లలో బిడ్డ" అంటాం కదా, చాలా ఇళ్లల్లో ఆ పొత్తిగుడ్డలు పాత నూలు చీర ముక్కలే. కొత్త బట్ట గరుగ్గా ఉండి ఒరుసుకుపోతుందని, మెత్తబడిన పాత చీర వెతికి మరీ తీస్తారు. డబ్బున్న ఇల్లైనా లేని ఇల్లైనా మనలో చాలామంది లైఫ్ స్టార్ట్ అయింది పాత గుడ్డలోనే.

సరే, వ్యాసం రాసి ఊరుకుంటే ఏం లాభం? నావి మూడు ప్రతిపాదనలు. మన క్లబ్ వాళ్లు, ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లు ఇద్దరూ ఆలోచించండి.

మొదటిది, ఈ డిసెంబర్ లోపల క్లబ్ తరఫున బొంతలు కుడదాం. చీరలు మన ఇళ్ల నుంచి, నూలువి మాత్రమే, ఉతికి తేవాలి. సింథటిక్ బట్టలు వేరుగా పోగేసి వాటిని సరిగ్గా వాడుకునే సంస్థలకు ఇద్దాం. 1999లో మొదలైన గూంజ్ సంస్థ పాత బట్టని దానంలా కాకుండా పనికి ప్రతిఫలంగా ఇవ్వడం మీద ఏళ్లుగా పనిచేస్తోంది, పనికిరాని ముక్కలతో సుజనీలు కూడా కుట్టిస్తుంది. ఆ పద్ధతి చూసి నేర్చుకోవచ్చు.

రెండోది, నేర్పించడానికి పెద్దమ్మ లాంటి వాళ్లని పిలుద్దాం, గెస్ట్ లెక్చరర్‌కి ఇచ్చినట్టే గౌరవంగా డబ్బులిచ్చి పిలుద్దాం. వర్క్‌షాప్‌కి బయటి నుంచి వచ్చిన టెక్కీకి శాలువా, మెమెంటో, రెమ్యూనరేషన్ అన్నీ ఉంటాయి. 20 వేల కుట్లు వరస తప్పకుండా వేసే మనిషికి శాలువా ఒక్కటి కప్పి పంపిస్తే సరిపోదు. ఆమె దగ్గర శాలువా కంటే మంచివి ఉన్నాయి.

మూడోది, పేరు. మన గిట్ రిపోజిటరీలో ఒక్క లైన్ మార్చినా ఎవరు మార్చారో రికార్డవుతుంది. బొంతకి మాత్రం కుట్టినవాళ్ల పేరు ఉండదు. మనం కుట్టేవాటికి ఒక మూల చిన్న గుడ్డ ముక్క మీద ఎవరు కుట్టారు, ఎవరి చీర, ఏ సంవత్సరం అని దారంతో రాద్దాం. కర్ణాటకలో సిద్దీ ఆడవాళ్లు తాము కుట్టే కవందీలకు నాలుగు మూలలా మడత గుడ్డలతో చిన్న పువ్వులు కుడతారు, అవి లేకపోతే బొంత పూర్తి కానట్టే లెక్క. మన బొంతకి పువ్వు బదులు పేరు ఉండనివ్వండి.

ఈ పేర్లు రాసుకోవడంలో ఇంకో లాభం కూడా ఉంది. అమ్మమ్మ ఒక్కో చీర మడిచేటప్పుడు ఒక్కో సంగతి చెప్పింది. ఒకటి పక్కింటి తాతయ్య లోయర్ ట్యాంక్‌బండ్ డీబీఆర్ మిల్లులో పనిచేసే రోజుల్లో కొన్నది. ఆ మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది, చీర మాత్రం ఇంకా ఉంది. ఇంకొకటి మా పిన్నిని నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాలలో చేర్పించిన ఏడాది కట్టుకుందట. 1928లో, ఉర్దూ రాజ్యమేలే రోజుల్లో, ఆడపిల్లలు తెలుగులో చదువుకోవాలని పెట్టిన బడి అది. నేను పుట్టి పెరిగి, మెట్రోలో రోజూ ఆ బడి ఉన్న నారాయణగూడ మీదుగా వెళ్తూ కూడా ఈ సంగతులు వినలేదు. చీరల లిస్టు రాస్తుంటే వచ్చాయి. దబ్బనం, టాకా, పేలిక, పన్నా, పొత్తిగుడ్డ లాంటి మాటలు కూడా అలాగే వచ్చాయి. పని ఆగిపోతే ఆ పని మాటలు కూడా ఆగిపోతాయి, తెలుగు భాషా దినోత్సవం నాడు ఎన్ని స్పీచులు ఇచ్చినా వాటిని వెనక్కి తేలేం.

అశోక్‌నగర్ పెద్దమ్మ కుట్టిన బొంత వచ్చేసింది. ఆవిడకి నేను లెక్క చూపించి, గంటకి దాదాపు 80 చొప్పున 1,300 ఇచ్చాను. నా ట్యూషన్ డబ్బుల్లోంచి. ముందు తీసుకోనంది, తర్వాత లెక్క మళ్లీ చెప్పించుకుంది, తర్వాత తీసుకుంది. ఇప్పుడు వచ్చినవాళ్లకి వెయ్యి చెప్తోందట, కొంతమంది వెళ్లిపోతున్నారట, కొంతమంది ఇస్తున్నారట. వెళ్లిపోయే వాళ్ల సంఖ్య తగ్గించే పని మనది.

మీ ఇంట్లో కూడా ఈ సంక్రాంతికి పెట్టెలు దులుపుతారు, గిన్నెలామె కూడా వస్తుంది. అంతకంటే ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం మీ అమ్మమ్మతోనో నానమ్మతోనో కూర్చోండి. నూలు చీరలు పక్కకి తియ్యండి, ఏది ఎప్పటిదో అడిగి రాసుకోండి. మిగతావి నిక్షేపంగా గిన్నెలకు వేసెయ్యండి, కాకపోతే డబ్బా కొంచెం పెద్దది అడగండి. నూలు చీరలు మాత్రం క్లబ్ రూమ్‌కి తీసుకురండి. సూదులు, దారం నేను తెస్తాను. బరువులు పెట్టడానికి టెక్స్ట్ బుక్కులు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.